హైదరాబాద్ – వైజాగ్: విమానంలో గంటంబావు, కారులో పదకొండు గంటలు. అసలు లెక్క ఎంత?

నిజాంపేట్ నివాసి

అందరికీ నమస్కారం. వచ్చే నెల వైజాగ్‌లో మా పెద్దక్క కూతురి పెళ్లి. శుక్రవారం రాత్రి ముహూర్తం, మేనమామని కాబట్టి గురువారం సాయంత్రానికల్లా అక్కడ ఉండకపోతే మాట పడాలి. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (తొమ్మిదేళ్లు, ఐదేళ్లు), మా అమ్మ. మా బావమరిది కూడా వస్తాడు. నెట్‌లో చూస్తే ఒక్కోచోట ఒక్కో అంకె ఉంది. ఒకడు 510 కిలోమీటర్లంటాడు, ఇంకోడు 620, మరొకడు 700. టైమ్ మాత్రం అందరూ ఒకటే రాస్తున్నారు, విమానంలో గంటా పదిహేను నిమిషాలు, కారులో పదకొండు గంటలు. మా బావమరిది ఏమో "శంషాబాద్ పోయి, లైన్లలో నిలబడి, ఎక్కి, దిగి, సామాను కోసం కూర్చుని... అంతా కలిపితే పెద్ద తేడా ఉండదు బావా, కారేసుకుని పోదాం" అంటున్నాడు. వాడు ఈ మధ్యే ఏడు సీట్ల బండి కొన్నాడు, ఆ ఉత్సాహం అది. ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి అక్కడ గుమ్మం ఎక్కేదాకా నిజంగా ఎంతసేపు పడుతుందో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మ్యాపు మాస్టారు

మూడు అంకెలూ నిజమేనండీ, మూడూ వేరే వేరే దార్లవి. 510 అంటే శంషాబాద్ నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి తిన్నగా గీత గీస్తే వచ్చేది. 620 అంటే విజయవాడ మీదుగా రోడ్డు, అందులోనూ మీరు ఎల్బీనగర్‌లో ఉన్నారా నిజాంపేట్‌లో ఉన్నారా అన్నదాన్ని బట్టి నలభై యాభై అటూ ఇటూ. 700 రైలుది. సికింద్రాబాద్ నుంచి వరంగల్, ఖమ్మం, విజయవాడ మీదుగా విశాఖకి 699 కిలోమీటర్లు.

రోడ్డు ఎందుకు అంత పెరిగిందంటే, రెండు ఊళ్లూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, పదిహేడు డిగ్రీలు దాటి కాస్త. అంటే వైజాగ్ మనకి నేరుగా తూర్పు. కానీ రోడ్డు ముందు ఆగ్నేయంగా విజయవాడకి దిగి, అక్కడ నుంచి మళ్లీ ఈశాన్యంగా ఎక్కుతుంది. తిన్నగా పోదామంటే ఖమ్మం ఎగువ నుంచి పాపికొండలు, మారేడుమిల్లి అడవుల మీదుగా పోవాలి, మధ్యలో గోదావరి. విమానానికి ఆ కొండలు అడ్డం కాదు. మన లారీలు, బస్సులు మాత్రం గోదావరి దాటడానికి మామూలుగా రాజమండ్రి, కొవ్వూరు, సిద్ధాంతం వైపే వస్తాయి.

హైవే రాజు

దూరం పక్కన పెట్టండి, టైమ్ చెప్తా. తెల్లవారుజామున నాలుగుకి నిజాంపేట్‌లో బయల్దేరితే, మల్లంపేట దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి మేడ్చల్, శామీర్‌పేట, ఘట్‌కేసర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దిగేసరికి ఐదు దాటుతుంది. సిటీలోంచి పోతే దూరం తక్కువే కానీ జేఎన్‌టీయూ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న సిగ్నళ్లు నాలుగింటికి కూడా మనకోసమే మేలుకుని ఉంటాయి. సూర్యాపేట ఆరున్నర, కోదాడ ఏడుంబావు. నందిగామ దాటి గొల్లపూడి దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిన్నర, మధ్యలో టిఫిన్ చేస్తే తొమ్మిది. అక్కడ విజయవాడ ఊళ్లోకి దూరకుండా గొల్లపూడి నుంచి చిన అవుటపల్లి వరకు కొత్త బైపాస్ ఉంది, ముప్ఫై కిలోమీటర్లు, దాని మీద పడిపోండి. ఏలూరు పది. గుండుగొలను దగ్గర ఎడమకి తిరిగి నల్లజర్ల, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా రాజమండ్రి పదకొండున్నర, పావు తక్కువ పన్నెండు. అన్నవరం ఒంటిగంట. అక్కడో తుని దగ్గరో భోజనం. అనకాపల్లి మూడుంబావు.

అంటే సాయంత్రం నాలుగు. నెట్‌లో రాసే పదకొండు గంటల్లో టిఫిను, భోజనం, పిల్లల 'నాన్నా అర్జెంటు'లు ఉండవు. ఐదుగురితో పన్నెండు వేసుకోండి, నిశ్చింతగా ఉంటుంది.

గాజువాక గౌరి

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, పుట్టిల్లు గాజువాక, విమానంలోనే ఎక్కువ తిరుగుతాను. మీ లెక్క ఇలా ఉంటుంది. ఎనిమిది గంటల ఫ్లైట్ అనుకోండి. నిజాంపేట్ నుంచి ఐదింటికి కదలాలి, ఓఆర్‌ఆర్ మీద గంట పైన. ఆరుంబావుకి ఎయిర్‌పోర్టు. సామాను వేసే కౌంటరు బయల్దేరడానికి గంట ముందే మూసేస్తారు, ఐదుగురు, పెళ్లి సామాను, పైగా పెద్దావిడ, కాబట్టి అంతకంటే ఆలస్యంగా వెళ్లే సాహసం చెయ్యకండి. తొమ్మిదుంబావుకి వైజాగ్‌లో దిగుతారు, సామాను వచ్చేసరికి ఇంకో ఇరవై పాతిక నిమిషాలు. అక్కడ నుంచి పెళ్లి ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. గాజువాక అయితే పావుగంట, ఇరవై నిమిషాలు. మధురవాడ అయితే ఎన్‌ఏడీ జంక్షన్ దాటుకుంటూ ముప్పావుగంట నుంచి గంట.

మొత్తం ఐదు, ఐదున్నర గంటలు. పన్నెండు గంటలకి, దీనికి తేడా ఆరు గంటలు పైమాటే. మీ బావమరిదికి చెప్పండి.

నిజాంపేట్ నివాసి

థ్యాంక్స్ అందరికీ. కల్యాణమండపం గాజువాకలోనే. ఇంకో సంగతి ముందే రాయాల్సింది, మా అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి. గంటన్నర కదలకుండా కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. అలాగని నడవలేదా అంటే నడుస్తుంది, మెట్లు మాత్రం కష్టం. ఆదివారం అందరం అన్నవరంలో సత్యనారాయణ వ్రతం, అది అమ్మ మొక్కు, తప్పదు.

సూర్యాపేట సత్తి

అన్నా ఏ నెల, ఏ తేదీ చెప్పకుండా హైవే లెక్కలు అడిగితే ఎట్ల? సంక్రాంతి ముందు రెండు మూడు రోజులైతే రాజన్న రాసిన టైమ్ టేబుల్‌ని మడిచి జేబులో పెట్టుకో. పంతంగి టోల్ దగ్గర బండ్లు ఎక్కడిదాకా ఆగుతయో మా ఊరోళ్లకి తెలుసు. విజయవాడ వైపు ఎక్కువ బూత్‌లు తెరుస్తరు, అయినా హయత్‌నగర్ నుంచి చౌటుప్పల్ దాకనే గంటలు పడుతది. డిసెంబరు, జనవరిల పొద్దుపొద్దున చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర పొగమంచు, ముందు లారీ వెనక లైటు లేకపోతే అది కనపడేది దగ్గరికి పోయినంకనే. నాలుగింటికి బయల్దేరే తొందరలో దాన్ని మర్చిపోవద్దు.

నిజాంపేట్ నివాసి

పండగ టైమ్ కాదు సత్తీ, మామూలు వారమే.

తుని తమ్ముడు

వానాకాలం పెళ్లి అయితే ఇంకోటి చూసుకోవాలి. 2023 జులైలో మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదకే నీళ్లొచ్చేశాయి, హైదరాబాద్, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లోనూ కోదాడ వైపు, నందిగామ వైపు అదే గొడవ. అలాగే అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. అప్పుడు విమానాలు కూడా నమ్మకం ఉండదు. హుద్‌హుద్ 2014 అక్టోబరులో కొట్టినప్పుడు వైజాగ్ ఎయిర్‌పోర్టు పైకప్పే లేచిపోయింది కదా.

రన్‌వే రమణ

ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ పని చేసినవాడిని, కాబట్టి 'గంటా పదిహేను' సంగతి చెప్తాను. టికెట్ మీద రాసేది గాల్లో ఉండే టైమ్ కాదు. గేటు దగ్గర బండి కదిలిన క్షణం నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. శంషాబాద్‌లో రన్‌వే చివరిదాకా పోవడానికే పది నిమిషాలు, వరసలో ముందు నాలుగు విమానాలుంటే ఇంకా ఎక్కువ. నిజంగా గాల్లో ఉండేది యాభై, యాభై ఐదు నిమిషాలు. కంపెనీలు ఆ పైన కాస్త కలుపుకునే రాస్తాయి, లేటుగా కదిలినా టైముకి చేరినట్టు కనపడాలి కదా.

అసలు చూడాల్సింది ఏ విమానం అని. ఎయిర్‌బస్ అయితే గంటకి ఎనిమిది వందల కిలోమీటర్ల పైన పోతుంది. రెక్కల ముందు ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ అయితే ఐదు వందలు. ఇంత దగ్గర దూరానికి ఆ తేడా పావుగంట, ఇరవై నిమిషాలు మించదు. కానీ మీ అమ్మగారి విషయంలో వేరే తేడా ఉంది. ఏటీఆర్‌కి సాధారణంగా ఏరోబ్రిడ్జి (టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచిపోయే వంతెన) ఉండదు, బస్సులో విమానం దాకా తీసుకెళ్లి మెట్ల మీద ఎక్కిస్తారు. మెట్లు చాలా తక్కువే, అయినా మోకాళ్లకి మెట్టు మెట్టే. బుక్ చేసేటప్పుడే విమానం రకం కనపడుతుంది, చూసుకుని ఎయిర్‌బస్ తీసుకోండి. వీల్‌చైర్ టికెట్‌తో పాటే అడగండి, ఆ రోజు కౌంటర్‌లో అడిగితే దొరుకుతుంది కానీ కూర్చోబెడతారు. వీల్‌చైర్ వాళ్లని ముందు ఎక్కించి చివర్లో దింపుతారు, దానికి ఇంకో పదిహేను నిమిషాలు కలుపుకోండి.

ఇంకోటి, వైజాగ్ ఎయిర్‌పోర్టు నేవీ వాళ్లది, ఐఎన్‌ఎస్ డేగా. మనవి అక్కడ అద్దెకున్నట్టు. రన్‌వే వాళ్ల పనికి కావాలన్నప్పుడు మన టైమ్‌లు మారతాయి. 2023 నవంబరు నుంచి కొన్ని నెలలు రాత్రిళ్లు రన్‌వే పనులకి మూసేశారు కూడా. ఉదయం ఫ్లైట్ తీసుకోండి, ఏదైనా అయితే తర్వాత ఫ్లైట్ అన్న ఆశైనా ఉంటుంది.

హైవే రాజు

రమణ గారు చెప్పింది బాగుంది, కానీ డబ్బు సంగతి ఎవరూ ఎత్తట్లేదే? రెండేళ్లు దాటిన పిల్లలకి పూర్తి టికెట్టే. బావమరిదిని వదిలేసినా ఐదు టికెట్లు. ముందుగా తీసుకుంటే మనిషికి నాలుగు వేలు అనుకున్నా ఇరవై వేలు, పోను రాను నలభై, పైన రెండు వైపులా క్యాబులు. బండి అయితే పదిహేను మైలేజీకి నలభై లీటర్ల పెట్రోలు, హైదరాబాద్‌లో లీటరు 107 పైన, అంటే నాలుగున్నర వేలు. టోల్‌కి ఇంకో వెయ్యి పక్కన పెట్టుకున్నా పోను రాను పదకొండు వేలు. మిగిలిన దాంతో మేనకోడలికి ఓ మంచి పట్టుచీర వస్తుంది.

గాజువాక గౌరి

రాజు గారూ, పన్నెండు గంటలు ఐదేళ్ల పిల్లని కారులో కూర్చోబెట్టే ఆడమనిషిని అడగండి ఆ నలభై వేలు ఎక్కువో తక్కువో. మీ టైమ్ టేబుల్‌లో డ్రైవరు కనపడుతున్నాడు, వెనక సీటు కనపడట్లేదు. గొల్లపూడి బైపాస్ మీద ముప్ఫై కిలోమీటర్లు హోటలూ లేదు, బాత్రూమూ లేదు. మామూలు హైవే మీద కూడా శుభ్రమైన టాయిలెట్ ఉన్న బంకు ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోకపోతే ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నీళ్లు తాగకుండా పన్నెండు గంటలు కూర్చుంటే పెళ్లిలో ఏం లేస్తుంది?

హైవే రాజు

ఒప్పుకోనండి మేడం, గంటన్నరకోసారి ఆపితే సరిపోతుంది. కానీ అప్పుడు పన్నెండు కాస్తా పదమూడవుతుంది, అది నిజం.

రాత్రి సర్వీసు

స్లీపర్ బస్సు ఎవరూ అనలేదు. కూకట్‌పల్లిలో సాయంత్రం ఆరు, ఏడుకి ఎక్కితే పొద్దున ఏడు, ఎనిమిదికి గాజువాక. పదమూడు గంటలు, కానీ పడుకునే పోతాం కాబట్టి పగలు ఒక్కటీ పోదు. టైమ్ అంటే గడియారం టైమేనా, సెలవు కూడా టైమే. ఉద్యోగస్తుడు బుధవారం ఆఫీసు చూసుకుని ఎక్కితే గురువారం పొద్దునకల్లా అక్కడుంటాడు. బస్సు బయల్దేరిన రెండు గంటలదాకా మియాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట, ఎల్బీనగర్ అంటూ సిటీలోనే ఎక్కించుకుంటూ తిరుగుతుంది, అది మాత్రం భరించాలి. దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకి అదే బస్సు పదకొండు గంటలే.

నిజాంపేట్ నివాసి

అమ్మని స్లీపర్ పై బెర్త్ ఎక్కించలేం, కింద బెర్త్ దొరికినా అందులోంచి లేవాలంటే కష్టం. మీరు చెప్పిన సెలవు లెక్క మాత్రం నాకు పనికొస్తుంది.

పట్టాల ప్రేమికుడు

సికింద్రాబాద్ నుంచి వందేభారత్ ఎనిమిదిన్నర గంటల పైచిలుకు. మొదటిది 2023 సంక్రాంతి రోజున మొదలైంది, తర్వాత సంవత్సరం రెండోది వచ్చింది. లేచి నడవొచ్చు, బాత్రూమ్ ఉంది, భోజనం సీటు దగ్గరికే వస్తుంది, మీ అమ్మగారికి ఇంతకంటే ఏం కావాలి? రాత్రి రైలు అయితే గోదావరి. చాలా ఎక్స్‌ప్రెస్‌లు దువ్వాడలో ఆగుతాయి, గాజువాకకి అది పక్కనే, విశాఖ స్టేషన్ దాకా పోయి వెనక్కి రావక్కర్లేదు.

తుని తమ్ముడు

టికెట్ దొరికితేనే కదన్నా ఇవన్నీ. పెళ్లిళ్ల సీజన్‌లో గోదావరిలో కింద బెర్త్ అంటే దేవుడి దయ.

అడ్మిన్

రైళ్లకి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. టికెట్ ఏజెంట్ల ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను.

శంకరం మాస్టారి అబ్బాయి

బావమరిది గారు రాత్రికి రాత్రే కారు నడుపుదాం అంటాడేమో, వద్దని గట్టిగా చెప్పండి. రాత్రి రోడ్డు ఖాళీగా ఉంటుంది, పది గంటల్లో పోవచ్చు అని చాలామంది చెప్తారు. మూడు నుంచి ఐదు మధ్య కోదాడ, జగ్గయ్యపేట ప్రాంతంలో కళ్లు మూతలు పడటం ఎంత కాఫీ తాగినా ఆగదు, రోడ్డు పక్కన ఆగిన లారీలు అక్కడే ఎక్కువ. పొద్దున పోతే ఇంకో ఇబ్బంది, ఆరు నుంచి ఎనిమిది దాకా ఎండ తిన్నగా కళ్లలో కొడుతుంది, మనం వెళ్లేదే తూర్పుకి కదా. చలవ కళ్లద్దాలు, శుభ్రంగా తుడిచిన అద్దం, ఇవి చిన్నవనిపిస్తాయి కానీ సూర్యాపేట బైపాస్ దగ్గర బైకు అడ్డంగా వచ్చినప్పుడు తెలుస్తుంది. వచ్చేటప్పుడు సాయంత్రం ఇదే ఇబ్బంది పడమటి నుంచి.

గూగుల్ చూపించే టైమ్ ఆ క్షణానికి ట్రాఫిక్ ఎలా ఉందో దాన్ని బట్టి. నాలుగింటికి చూస్తే పది గంటల ఇరవై నిమిషాలని ఊరిస్తుంది. తిండి గంటన్నర, పెట్రోలు, లంకెలపాలెం, కూర్మన్నపాలెం దగ్గర సాయంత్రం షిఫ్టు ట్రాఫిక్, అవన్నీ దానికి మీరే కలపాలి.

కొత్త కారు కామేశ్

టోల్ గురించి ఒక మాట. మీ బావమరిది ఫాస్టాగ్‌కి వార్షిక పాస్ తీసుకున్నాడా అడగండి. 2025 ఆగస్టు 15 నుంచి ఇస్తున్నారు, మొదలుపెట్టినప్పుడు మూడు వేలు, ఏడాది లేదా రెండు వందల ట్రిప్పులు, ఏది ముందైతే అది. సొంత కార్లకే, టాక్సీలకి లేదు. ఒక్కో ప్లాజా దాటితే ఒక ట్రిప్పు. అంటే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కలపర్రు, కృష్ణవరం, వేంపాడు ఇలా దాటుకుంటూ పోతే ఒక్కోటి సుమారు పదిహేను రూపాయలకే పడినట్టు. జాతీయ రహదారులకే అది, మన ఓఆర్‌ఆర్‌కి పనికిరాదు, అక్కడ డబ్బు మామూలుగా కట్ అవుతుంది. అందుకని బ్యాలెన్స్ సున్నా చేసుకుని బయల్దేరొద్దు.

రావులపాలెం రాణి

ఎవరూ అడగకపోయినా చెప్తున్నా. గుండుగొలను దగ్గర కొవ్వూరు వైపు తిరిగితే టైమ్ కలిసొస్తుంది, నిజమే. కానీ తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ మీదుగా వచ్చే పాత రోడ్డులో గోదావరి రెండు పాయలూ దాటుతారు, రెండు వైపులా కొబ్బరి తోటలు, అరటి గెలలు. ఆత్రేయపురం పూతరేకులు కావాలంటే రావులపాలెం దగ్గర్నుంచి చిన్న చుట్టు. పిల్లలకి చూపించాలంటే వచ్చేటప్పుడైనా అటు రండి, అరగంట పోతే పోనివ్వండి.

మ్యాపు మాస్టారు

దారుల మాట వచ్చింది కాబట్టి, సూర్యాపేట నుంచి ఖమ్మం దాకా నాలుగు వరసల రోడ్డు వచ్చేసింది. ఖమ్మం నుంచి దేవరపల్లికి 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు (పాత రోడ్డు వెడల్పు చెయ్యడం కాదు, పూర్తిగా కొత్త దారి) కడుతున్నారు. అది మొత్తం తెరుచుకుంటే విజయవాడ దాకా దిగి మళ్లీ ఎక్కే అవసరం ఉండదు, సత్తుపల్లి పక్క నుంచి నేరుగా గోదావరి జిల్లాలోకి పడతారు. దూరం కొన్ని పదుల కిలోమీటర్లే తగ్గుతుంది, టైమ్ అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, ఎందుకంటే నందిగామ, గొల్లపూడి, ఏలూరు రద్దీ అంతా తప్పుతుంది. బయల్దేరే ముందు ఎక్కడిదాకా తెరిచారో చూసుకోండి. సగం కొత్త రోడ్డు, సగం సత్తుపల్లి, అశ్వారావుపేట పాత రెండు వరసల రోడ్డు అయితే బొగ్గు లారీల వెనక పడాల్సి వస్తుంది, ఆ లాభం ఆవిరైపోతుంది.

నిజాంపేట్ నివాసి

ఇంట్లో అందరికీ ఈ పోస్టులు చదివి వినిపించాను. మా ఆవిడ గౌరి గారి పోస్టు రెండుసార్లు చదివించుకుంది. ఒక ఆలోచన వచ్చింది. అమ్మ, మా ఆవిడ, చిన్నది గురువారం పొద్దున ఎయిర్‌బస్‌లో. నేను, బావమరిది, పెద్దోడు బుధవారం కారులో, సామానంతా అందులోనే. వ్రతానికి ఎలాగూ బండి కావాలి. మూడు టికెట్లే కాబట్టి టికెట్ల ఖర్చు కూడా తగ్గుతుంది. అన్నవరంలో వ్రతం అయ్యాక అమ్మని మళ్లీ వైజాగ్ తీసుకెళ్లి ఫ్లైట్ ఎక్కించాలా, లేక అక్కడ నుంచి కారులోనే తెచ్చేయాలా, అదొక్కటే తేలట్లేదు.

తుని తమ్ముడు

అన్నవరం నుంచి మళ్లీ వైజాగ్ ఎందుకన్నా? వంద కిలోమీటర్లు వెనక్కి! రాజమండ్రి ఎయిర్‌పోర్టు మధురపూడిలో ఉంది, అన్నవరం నుంచి మీరు హైదరాబాద్ వచ్చే దారిలోనే, గంటన్నర. వాళ్లని అక్కడ దింపేసి మీరు కొవ్వూరు బ్రిడ్జి ఎక్కేయండి. మీరు సూర్యాపేటలో టీ తాగేసరికి వాళ్లు ఇంట్లో అన్నం తిని పడుకుంటారు.

రన్‌వే రమణ

మంచి సలహా. కాకపోతే రాజమండ్రి – హైదరాబాద్‌కి ఎక్కువగా ఏటీఆర్‌లే, మెట్ల సంగతి చెప్పాను కదా. చిన్న ఎయిర్‌పోర్టు కాబట్టి నడక తక్కువ, వీల్‌చైర్ అడిగితే విమానం పక్కదాకా తెస్తారు, మెట్ల దగ్గర సాయం చేస్తారు. వ్రతం ఎన్నింటికి అవుతుందో చూసుకుని చివరి ఫ్లైట్ కాకుండా దాని ముందుది పెట్టుకోండి, అన్నవరంలో ఆదివారం జనం ఎలా ఉంటారో చెప్పక్కర్లేదు.

పెళ్లి సామాను గురించి ఒక హెచ్చరిక. ఎండు కొబ్బరి విమానంలో చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు, నూనె ఎక్కువ, నిప్పు అంటుకునే సరుకు కింద లెక్క. కురిడీలు, కొబ్బరి చిప్పలు అన్నీ కారులోనే వేసేయండి. ఆవకాయ జాడీ చేతి సంచిలో వద్దు. మామూలు టికెట్‌కి చెక్-ఇన్ పదిహేను కిలోలు, చేతిలో ఏడు.

హైవే రాజు

సరే, ఇది నాకూ నచ్చింది. మూడు మగ టికెట్లు రోడ్డుకే వచ్చాయి, నేను నెగ్గినట్టే.

గాజువాక గౌరి

ఆడవాళ్లు ముగ్గురూ విమానంలో వస్తున్నారు రాజు గారూ, ఎవరు నెగ్గారో మీరే చూసుకోండి 😄 నిజాంపేట్ గారూ, దిగాక బయట టాక్సీ కోసం బేరాలాడకుండా మీ బావమరిదిని పంపండి, మండపం నుంచి పావుగంట.

నిజాంపేట్ నివాసి

ఖాయం. టికెట్లు ఇవాళే తీసుకున్నాను, వెళ్లేది వైజాగ్‌కి ఎయిర్‌బస్, వచ్చేది రాజమండ్రి నుంచి. బావమరిదికి కురిడీల మూట అప్పజెప్పాం.

శ్రీకాకుళం చిన్నోడు

ఆలస్యంగా చూశాను. మాది శ్రీకాకుళం, నాకూ ఇదే ప్రశ్న. వైజాగ్‌లో దిగి ఇంకో వంద కిలోమీటర్లు పోవాలి, అప్పుడు కూడా విమానం లాభమేనా?

మ్యాపు మాస్టారు

లాభమే, కాకపోతే ఇప్పుడు మీకు ఎయిర్‌పోర్టు నుంచి సిటీ దాటడానికే ముప్పావుగంట పోతుంది, మొత్తం ఏడున్నర గంటలు వేసుకోండి. భోగాపురంలోని కొత్త అల్లూరి సీతారామరాజు ఎయిర్‌పోర్టుకి విమానాలు మారాక లెక్క తిరగబడుతుంది. అది వైజాగ్‌కి నలభై ఐదు కిలోమీటర్లు ఇవతల, మీ వైపు. మీకు గంట కలిసొస్తుంది, గాజువాక వాళ్లకి గంట పోతుంది. కారులో వస్తే మాత్రం అనకాపల్లి దగ్గర సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం బైపాస్ ఎక్కండి, వైజాగ్ ఊళ్లోకి రాకుండానే దాటేస్తారు.

గాజువాక గౌరి

ఆ గంట మాట గుర్తు చెయ్యకండి మాస్టారూ.